గ్రీజు ఎవరు పెట్టారు?

సెప్టెంబర్ 3, 1990. ఉదయం

వెర్లిన్ కుడి మణికట్టు విరిగింది. నిన్న పాత ట్రాక్టర్ల షోలో, జనమంతా చూస్తుండగా, మా ఎర్ర ట్రాక్టర్ ముందర తిప్పి స్టార్ట్ చేసే హ్యాండిల్ వెనక్కి తన్నింది. ఆపరేషన్ చేసి లోపల స్టీలు ప్లేటు వేశారు. ఆస్పత్రి కుర్చీలో కూర్చుని నా నడుం పట్టేసింది. అది ఫర్వాలేదు. నా మొగుడి పక్కన నేను కాక ఇంకెవరు కూర్చుంటారు.

పొద్దున్నే గేలెన్ వచ్చాడు. షో నడిపే క్లబ్బుకి ప్రెసిడెంటు. ఎలా జరిగిందిరా అని అడిగాడు. వెర్లిన్ కిటికీ వైపు చూస్తూ, ఇదే స్పార్క్ లివర్ కదిపేసింది, అన్నాడు.

ఇది అంటే నేను.

అదే రోజు, సాయంత్రం

నేను కదపలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, ఎందుకంటే ఇంకెక్కడా ఎవరూ వినడం లేదు.

మా షోలో ఎవరూ ఒంటరిగా హ్యాండిల్ ముట్టుకోరు. ఒకరు ముందర హ్యాండిల్ దగ్గర, ఒకరు పైన సీట్లో. కింద ఉన్నవాళ్ళు న్యూట్రలా అని అరవాలి. పైన ఉన్నవాళ్ళు చూసి న్యూట్రలే అనాలి. స్పార్క్ వెనక్కేనా అని అరవాలి. వెనక్కే అనాలి. ఆ తర్వాతే లాగాలి. లివర్ వెనక్కి ఉంటే స్పార్క్ ఆలస్యంగా పడుతుంది. ముందే పడితే ఇంజన్ తిరగబడి హ్యాండిల్‌ని మనిషి చేతి మీదకే విసురుతుంది. ఇది ఇక్కడ స్కూలు పిల్లలకి కూడా తెలుసు.

లివర్ నేనే వెనక్కి పెట్టాను. వెనక్కే అని అరిచాను. అతని ఎముక విరిగిన చప్పుడు సీట్లోకి వినబడింది. అప్పుడు కూడా నా చెయ్యి లివర్ మీదే ఉంది.

పైగా గొడ్డలి పట్టుకున్నట్టు హ్యాండిల్ చుట్టూ బొటనవేలు బిగించాడు. పైనుంచి కిందకి తోశాడు. మా బోర్గిల్డ్ మేనత్త యుద్ధం రోజుల్లో, మగాళ్ళంతా వెళ్ళిపోయినప్పుడు, ఇదే ట్రాక్టర్‌ని రోజూ తనే స్టార్ట్ చేసేది. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పడుకోవాలే, హ్యాండిల్‌ని కౌగిలించుకోకూడదు, కిందనుంచి పైకే లాగాలి, అప్పుడు తన్నినా చెయ్యి జారిపోతుంది అనేది. పెళ్ళయినప్పటినుంచీ ఈ మాట వెర్లిన్‌కి చెబుతూనే ఉన్నాను. మీ అత్తకేం తెలుసులే అని నవ్వేవాడు.

నవ్వు ఇప్పుడు.

సెప్టెంబర్ 16

చర్చి బేస్‌మెంట్‌లో కాఫీ. గేలెన్ భార్య లవోన్, అమ్మా అర్లిస్, ఆ కాఫీ మిషన్ మీట మాత్రం నువ్వు ముట్టుకోకు తల్లీ, ఎవరి చెయ్యి విరుగుతుందో, అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో. ఇంటికొచ్చి పళ్ళేలు కడుగుతూ ఒకటి కావాలనే పగలగొట్టాను.

అక్టోబర్ 9

గేలెన్ ఫోన్ చేశాడు. ఏమనుకోకమ్మా, సేఫ్టీ కోసమే, ఇకమీదట షోలో నువ్వు ఏ ట్రాక్టర్ సీట్లోనూ కూర్చోవద్దని మీటింగ్‌లో అనుకున్నాం, అన్నాడు. మీటింగ్‌లో వెర్లిన్ కూడా ఉన్నాడు. నువ్వేమన్నావని అడిగాను. నేనేమీ అనలేదే, అన్నాడు. నాకేదో మేలు చేసినట్టు.

అతని చొక్కా గుండీలు ఇప్పటికీ రోజూ నేనే పెడుతున్నాను. ఈ వేళ పై గుండీ మెడ పట్టేసేలా పెట్టాను.

జనవరి 13, 1991

బయట ఊపిరి కూడా గడ్డకట్టే చలి. షెడ్‌లోకి వెళ్ళి ట్రాక్టర్‌కి స్పార్క్ ఇచ్చే మాగ్నెటో విప్పి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. వెర్లిన్ గుమ్మంలో నిలబడి, ఏంటే అది, అన్నాడు. సూప్, అన్నాను.

జనవరి 14

దొరికింది.

మాగ్నెటోకి ముందర ఒక స్ప్రింగు, కొక్కెం ఉంటాయి. హ్యాండిల్ తిప్పేటప్పుడు ఆ కొక్కెం పట్టుకుని, ఆగి, టక్‌మని వదులుతుంది. స్పార్క్ ఆలస్యంగా పడేది దానివల్లే. కొక్కెం పట్టకపోతే లివర్ ఎంత వెనక్కి లాగి పెట్టినా స్పార్క్ ముందే పడుతుంది. అత్త చెవి పెట్టి వినేది. టక్ వినబడకపోతే లాగొద్దే అనేది.

ఆ కొక్కెం గ్రీజులో కూరుకుపోయి ఉంది. నీలం గ్రీజు. గట్టిపడి సబ్బులా ఉంది. సన్నటి నూనె ఒక చుక్క వేయాల్సిన రంధ్రంలో ఎవరో గ్రీజు గన్ పెట్టి కసిగా నొక్కారు. ఈ ఇంట్లో నీలం గ్రీజు ఒక్కడే వాడతాడు. కోత కోసే కంబైన్‌కి, గేటు బందులకి, పాత కుర్చీకి, దేనికైనా అదే. షో ముందు వారం షెడ్‌లో ఈల వేసుకుంటూ తిరిగాడు. గుర్తుంది నాకు.

చెంచాతో తీసి ప్లేట్లో పెట్టి అతని ముందు పెట్టాను. ప్లేటు పక్కకి జరిపాడు. గ్రీజు ఎక్కువై ఎవడూ చావలేదులే, అన్నాడు. తర్వాత బంగాళాదుంపలు అడిగాడు.

అందరితో చెప్పు, అన్నాను. ఏమని చెప్పనే, వెర్లిన్‌కి ట్రాక్టర్ చూసుకోవడం రాదని చెప్పనా, అన్నాడు.

మరి అర్లిస్‌కి రాదని చెప్పొచ్చా?

జనవరి 15

గ్రీజు గన్ దాచేశాను. పిండి డబ్బా వెనక. అతను అక్కడ ఎప్పుడూ చెయ్యి పెట్టడు.

మార్చి 2

మాటల్లేవు. అన్నీ ఒకే గిన్నెలో వేసి ఓవెన్‌లో పెట్టే హాట్‌డిష్ మాత్రం వండి పడేస్తున్నాను.

మే 19

మాగ్నెటోని కిరోసిన్‌లో కడిగాను. కొత్త స్ప్రింగు వేశాను. వైర్లన్నీ మార్చాను. రేడియేటర్లో ఎలుకల గూడు. వాల్వులు అరగదీసి సరిచేశాను. మోచేతుల దాకా మసి. పని చేస్తున్నంతసేపూ మనసులో అతన్ని తిడుతూనే ఉన్నాను. కోపంగా ఉన్నప్పుడు బోల్టులు బాగా ఊడతాయి.

జూన్ 30

ట్రాక్టర్ కదలకుండా చక్రాల కింద దిమ్మలు పెట్టాను. ఇగ్నిషన్ ఆపేసి ఉత్తినే హ్యాండిల్ తిప్పాను. టక్. మళ్ళీ తిప్పాను. టక్. ఏడుపొచ్చింది. షెడ్‌లో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

భయం కూడా ఉంది. ఆ ఎముక చప్పుడు నా చెవిలోంచి పోలేదు.

ఆగస్టు 11

గేలెన్ వచ్చాడు. వెర్లిన్ చేతికి ప్లేటు ఉంది కదా, ఈసారి మా అబ్బాయి మీ ట్రాక్టర్ స్టార్ట్ చేస్తాడు, అన్నాడు. వరండాలో నేను తెచ్చిన కాఫీ తాగుతూ అన్నాడు!

షోలో ఎవరి ట్రాక్టర్‌ని వాళ్ళే స్టార్ట్ చేయాలన్న ఆనవాయితీ క్లబ్బు కంటే పాతది. నా ట్రాక్టర్, మా అత్త నాకిచ్చింది, నేనే స్టార్ట్ చేస్తాను, నన్ను వద్దన్నది సీట్లో కదా, హ్యాండిల్ దగ్గర కాదు కదా, అన్నాను. గేలెన్‌కి కాఫీ పొలమారింది. సీట్లో ఎవరమ్మా మరి, అన్నాడు. వెర్లిన్, అన్నాను.

వెర్లిన్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అతనికి బాగా వచ్చు.

సెప్టెంబర్ 1. సాయంత్రం

వరసగా రాస్తాను.

మా వంతు మధ్యాహ్నానికి కాస్త ముందు వచ్చింది. బెంచీలన్నీ నిండిపోయాయి. లవోన్ ముందు వరసలోనే ఉంది. వెర్లిన్ ఉతికిన టోపీ పెట్టుకుని సీటెక్కాడు. నేను హ్యాండిల్ దగ్గర నిలబడ్డాను. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కన పడుకోబెట్టాను.

న్యూట్రలా అని అరిచాను. న్యూట్రలే అన్నాడు. స్పార్క్ వెనక్కేనా అన్నాను. వెనక్కే అన్నాడు. ఇప్పుడు లాగాలి. లాగలేదు.

గ్రీజు ఎవరు పెట్టారు, అని అరిచాను.

బెంచీల్లో ఎవరో నవ్వారు. గేలెన్ మైకులో, అమ్మా అర్లిస్, అలాంటి ప్రశ్న లేదమ్మా, అన్నాడు. ఈసారి ఉంది, అన్నాను. మళ్ళీ అడిగాను. పోయిన ఏడాది మాగ్నెటోలో గ్రీజు ఎవరు పెట్టారు వెర్లిన్? నవ్వులు ఆగిపోయాయి. చెప్పేదాకా లాగేది లేదని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. చీకటి పడేదాకా నిలబడేదాన్ని.

వెర్లిన్ టోపీ తీశాడు. మొహం ఎర్రగా కందిపోయింది. నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం పన్నెండు గంటల కూత. గ్రౌండ్‌లో ఉన్న ఆవిరి ఇంజన్లన్నీ ఒక్కసారిగా కూశాయి. ప్రతి ఏడూ కూస్తాయి, మరిచేపోయాను. అతని పెదవులు కదిలాయి. నేనే, అన్నాడు. నేను చూశాను. ఇంకెవరికీ వినబడలేదు. ఒక్క ప్రాణికి కూడా!

ఆ ఆవిరి ఇంజన్లన్నిటినీ చెరువులోకి తోసేయాలనిపించింది. ఏడాదంతా ఎదురుచూసిన మాట అది. కానీ లివర్ వెనక్కే అని చెప్పింది కూడా ఆ నోరే. నా ఎముకలన్నీ ఆ మాట మీద పెట్టి కిందనుంచి పైకి లాగాను. కూతల్లో టక్ వినబడలేదు. అరచేతిలో తెలిసింది. ఒక్క లాగుకే ఇంజన్ అందుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. లవోన్ కూడా. వాళ్ళు దేనికి కొట్టారో వాళ్ళకి తెలియదు.

ఇంటికొచ్చేటప్పుడు, చెప్పాను కదే, అన్నాడు. నాకు చెప్పావు, నాకు ముందే తెలుసు, అన్నాను.

సెప్టెంబర్ 5

లవోన్ ఫోన్ చేసింది. రైతుల కో-ఆప్ స్టోర్‌లో మగాళ్ళంతా కాఫీ తాగుతుంటే వెర్లిన్ లేచి నిలబడి, ఎవరూ అడగకుండానే, గ్రీజు నేనే పెట్టానురా, అర్లిస్ లివర్ వెనక్కే పెట్టింది, నేనే అబద్ధం చెప్పాను, అన్నాడట. ఎవరూ నవ్వలేదట. లవోన్ కాసేపు నసిగి, ఆదివారం కాఫీ మిషన్ నువ్వే చూసుకుంటావా అని అడిగింది. చూస్తానన్నాను.

పిండి డబ్బా వెనకనుంచి గ్రీజు గన్ తీసి షెడ్‌లో దాని మేకుకి తగిలించాను. లోపల గ్రీజు మాత్రం తీసేశాను.