నీళ్లు రాని మడి

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు కడపలో, మా ఆఫీసు చేసిన విత్తనాల దుకాణం వెబ్‌సైటు మొరాయించింది. జావాస్క్రిప్ట్ ఎర్రర్ చూపిన లైనునే అందరూ పొద్దుటినుంచి మార్చి మార్చి చూస్తున్నారు.

"నీళ్లు రాని మడిలో తవ్వితే ఏమొస్తాది పాపా? కాలవ ఎంబడి ఎనక్కి పో, యాడ తెగిందో చూడు" అనేవాడివి.

నేను స్టాక్ ట్రేస్ తెరిచాను. ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో అందులో వరసగా ఉంటుంది. ఒక్కొక్కటే చూస్తూ వెనక్కి నడిచాను. నాలుగోదాంట్లో దొరికింది గండి. విత్తనాలు ఆర్డర్ చేసే రైతు ఊరిపేరు రాయకపోయినా, ఆ ఖాళీనే ముందుకు పంపేస్తోంది.

"యాడ నేర్చినావమ్మా ఇది?" అన్నారు మా సారు.

కాలేజీ ఫారంలో నీ పని రాయడానికి సిగ్గుపడినదాన్ని, ఈరోజు గదంతా వినబడేలా చెప్పాను.

"మా నాయన చెరువు నీళ్లు మళ్లకు పారించే నీరుగంటి, సార్."