తాతల వరసలో లేని జబ్బు

చిరంజీవి బెక్తూర్‌కు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కదా! తింటున్నాం, తిరుగుతున్నాం, పోట్లాడుకుంటున్నాం. క్షేమం సంగతి కింద రాస్తాను. ఎర్రావు ఈనిందా అని అడిగావు. ఈనింది, పెయ్యదూడ. కొండమీద చలికి నువ్వడిగిన ఉన్ని మేజోళ్ళు పాల లారీలో పంపాను.

ఇక నీ మూడో ప్రశ్న. "గుండె పరీక్ష నాకెందుకమ్మా? మీ వంశంలో ఎవరికైనా ఉందా అని వసంతంలో డాక్టరు అడిగితే నాన్న వైపు ఏడు తరాల తాతల పేర్లూ గడగడా చెప్పాను. అందరూ ఎనభై దాటినవాళ్ళే" అని రాశావు. ఆయన 'లేదు' అని రాసుకున్నాడట. భేష్! మాటలు రాగానే ప్రతి కిర్గిజ్ మగపిల్లాడికీ నేర్పే పాఠం తప్పుల్లేకుండా అప్పజెప్పావు. ఆ ఏడుగురిలో నిన్ను కన్నదెవరు నాయనా?

మా అమ్మ బురుల్చా నలభై ఆరో ఏట గుర్రం పాలు పితుకుతూ కుప్పకూలింది. మా అమ్మమ్మకు నలభై మూడు. నా చెల్లెలు, నీ పిన్ని ఉల్కన్‌కు నలభై ఒకటి. దిష్టి అన్నారు. ఆ దిష్టికి మా పుట్టిల్లు తప్ప ఇంకో గుమ్మం దొరకలేదా?

మొన్న శుక్రవారం విందులో మీ పెదనాన్న సదిర్‌బెక్ తాతల పేర్లు చదివి ఆపగానే నేను లేచాను. ఈ ముగ్గురి పేర్లూ, పోయిన వయసులూ చదివాను.

"కూర్చో కలీపా! ఆడవాళ్ళ పేర్లు ఇక్కడెందుకు?"

"చావులు ఇంట్లోవే కదా బావగారూ!"

"మాంసం చల్లారిపోతోంది, గొడవ తర్వాత."

"మనుషులు చల్లారితే మాత్రం ఫర్వాలేదు!"

వెనక వరసలో ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు.

ఇప్పుడు అసలు మాట. పోయిన అక్టోబరులో నగరం వెళ్ళి జన్యు పరీక్ష చేయించుకున్నాను. ఉంది. రక్తంలో కొవ్వు పేరుకుని గుండెను ఆపే లోపం, పుట్టుకతోనే. నీకూ వచ్చివుండటానికి సగానికి సగం అవకాశం. మీ నాన్న చెబితే విని, "బయట పొక్కితే నీ కొడుక్కి పిల్లనెవరిస్తారు?" అన్నాడు మీ పెదనాన్న. పత్రికలో మంత్రుల్ని ఉతికి ఆరేసే నేను, ఎనిమిది నెలలు నీ దగ్గర నోరు మూసుకున్నాను. సిగ్గుపడుతున్నాను. ఏడవను మాత్రం. ఇది శాపం కాదు, ముందే తెలిస్తే రోజూ మాత్రతో అదుపులో ఉంచుకోవచ్చు. నేను వేసుకుంటున్నాను. పిల్లనివ్వనివాళ్ళు ఇవ్వకపోనీ, నాకు కొడుకు బతికుండాలి.

రాలేనని జవాబు రాయకు. సోమవారం లారీలో నేనే వస్తున్నా, నర్సు నర్జికన్‌ని వెంటబెట్టుకుని. గుర్రమెక్కి కొండ దాటేద్దామనుకుంటావేమో, ఇంకో గుర్రం నేనెక్కుతాను.

ఇట్లు,
నీ రక్తం తీయించడానికి బయల్దేరిన
అమ్మ