ముందు కప్పుకు కంత పెట్టించు

లీమా, ఆగస్టు 9

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ హెర్మీనియా పిన్ని, బాబాయి కులాసా. కొండమీద నువ్వు, చెల్లి నెలిదా, దాని చంటిది చలికి తట్టుకుంటున్నారనుకుంటాను. నా సంగతి ఒక్క మాటలో తేలేది కాదు. నెలిదా, అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఏ ముక్కా దాటెయ్యకు.

ఎండుదుంపల మూట అందింది. సగం అప్పుడే పిన్ని పులుసులో పడ్డాయి.

"చాటుగా సిగరెట్లు తాగేదానివా?" అని అడిగించావు. ఈ ప్రశ్న వినీ వినీ ఒళ్ళు మండిపోతోందమ్మా. రక్తం తీసే నర్సు అడిగింది. బస్సులో నా దగ్గు విని పక్కనాయన అడిగాడు. పిన్ని సంగతి చెప్పనే అక్కర్లేదు.

"నిజం చెప్పవే, మీ అమ్మకు చెప్పనులే."

"తాగలేదు పిన్నీ."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. పండగలకి బాబాయి దగ్గర లాక్కుని తాగేది నువ్వు!"

పిన్ని మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మన దగ్గర ఆరు నెలలు క్షయ అని మందులు మింగించారు కదా. ఇక్కడ డాక్టర్ పలోమీనో జబ్బు పేరే మార్చింది. 'చిన్న కణాలది కాని ఊపిరితిత్తుల క్యాన్సర్' అట.

"కానిది చెప్తారేంటి డాక్టరమ్మా, అయినదేదో చెప్పండి" అన్నాను.

ఆమె కోప్పడలేదు. కాగితం మీద బొమ్మ గీసింది. చిన్న కణాల రకం గబగబా పాకుతుందట. మిగతా రకాలన్నిటినీ కలిపి ఈ పేరుతో పిలుస్తారట. నాది ఊపిరితిత్తి అంచున మొదలైంది. పొగతాగనివాళ్ళకు ఎక్కువగా వచ్చేది ఈ రకమేనట. వెన్నెముకలోకి కూడా చేరింది, అందుకే కోసి తీసెయ్యలేరు. మూటలు మోసిన నొప్పి అనుకున్నామే, అది ఇదే.

కణంలో ఒక మార్పు ఉంటే దానికి మాత్ర ఉందని, పరీక్షకు సూదితో ముక్క తీశారు. మూడు వారాలు తిప్పి, "ముక్క చాల్లేదు, మళ్ళీ తియ్యాలి" అన్నాడు ఆసుపత్రి గుమాస్తా.

"నా ఛాతీలో దుంపలేమన్నా పండుతున్నాయా, కావలసినప్పుడల్లా తవ్వుకోడానికి?" అని అరిచాను. అరిచినా మళ్ళీ పొడిపించుకోక తప్పలేదు.

ఆ మార్పు ఉంది. రోజుకో మాత్ర, పన్నెండు రోజులైంది. ముఖమంతా పొక్కులు. కానీ మొన్న పిన్ని ఇంటి మెట్లు ఆగకుండా ఎక్కాను. "నయమవుతుందా?" అంటే, "అణుగుతుంది, ఎన్నాళ్ళో చెప్పలేను" అంది డాక్టరు.

ఇక నీ దగ్గర దాచినది. మొదటి రోజే ఆమె, "వంట కట్టెల మీదా?" అని అడిగింది. కిటికీ లేని మన వంటగది గురించి, ఏడేళ్ళ వయసు నుంచి నేను పొయ్యి ఊదడం గురించి చెప్పాను. "దానివల్లేనని ఖాయంగా అనలేను. ఆ పొగ కూడా కారణం కావొచ్చు" అంది. నువ్వు గుండెలు బాదుకుంటావని మూడు ఉత్తరాల్లో రాయలేదు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక పిన్ని మీదా గుమాస్తా మీదా చూపించాను. పొగ సంగతి నీకు మాత్రం ఎవరు చెప్పారు కనుక?

నిన్న నెలిదా ఉత్తరం వచ్చింది. చంటిదాన్ని వీపున కట్టుకుని వండుతోందట, పొయ్యి వెచ్చదనానికి అది హాయిగా నిద్రపోతోందట. ఇక దాచలేకపోయాను.

ఇది వినగానే ఏడుపు మొదలుపెట్టకు. సెవెరో మావయ్యను పిలిచి వంటింటి కప్పుకు కంత పెట్టించు, పొగగొట్టం బిగించమను. అప్పటిదాకా చంటిది పొయ్యి దగ్గరికి రాకూడదు. ఆ తర్వాత ఎంత ఏడుస్తావో ఏడువు, నేను వద్దనను.

ఇట్లు,
నీ పెద్దకూతురు
ఔరేలియా