కాకి ముట్టని పిండం

రంగూను, 1937 ఫిబ్రవరి

ప్రియమైన అన్న హనుమాండ్లుకు,

నీ తమ్ముడు బాలమల్లు బతికే ఉన్నాడు, కాస్త ఒళ్లు కూడా చేశాడు. కామారెడ్డి స్టేషనులో రైలెక్కి తొమ్మిది నెలలైంది. ఈ తొమ్మిది నెలల్లో నేను అన్నం కొనుక్కుని తిన్నది నాలుగు పూటలకు మించదంటే నమ్మవు కదా. కాకినాడలో ఓడ వంటవాడికి ఉల్లిగడ్డలు కోసిపెడతానంటే సముద్రం దాటించాడు. ఇక్కడ రేవులో సీమోను అని మన మెదకు వైపు మనిషి ఉన్నాడు. బియ్యం మూటలు మోస్తాడు. మన మాట చెవిన పడగానే కళ్లనీళ్లు పెట్టుకుని, తన గదిలో ఒక మూల నాకు చాప పరిచాడు.

ఆ చాప మీద కుదురుగా ఉంటానా? ఉత్తరాన షాన్ కొండలదాకా కాలినడకన పోయి వచ్చాను. పొద్దుగూకితే ఏదో ఒక బౌద్ధ మఠం, తెల్లవారితే బాట. ఒక ఊళ్లో ముసలమ్మ బియ్యప్పిండి రొట్టె కాల్చి ఇచ్చింది. నేను అలవాటు ప్రకారం అంచంతా చుట్టూ కొరుక్కుతిని, మెత్తటి నడిమి ముక్క ఆఖరుకు దాచుకుంటే, అచ్చం మన భూదవ్వ వదిన నవ్వినట్టే పొట్ట పట్టుకుని నవ్వింది.

ప్రపంచం చాలా మంచిదన్నా. చేతులు ఊపుకుంటూ పోయేవాణ్ణి ఎవరూ పస్తు పడుకోనివ్వరు. లింగంపేట పక్కన ఆ మూల ఊళ్లో పటేలు కేకకు ఉలిక్కిపడుతూ ఇన్నేళ్లు ఎట్లా బతికామా అనిపిస్తుంది. నువ్వు కూడా ఒక్కసారి బయటికొచ్చి చూడాలి.

ఎడ్లు బాగున్నాయా? కర్రెద్దు కాలు నయమైందా? ఉత్తరం సీమోను పేరున రాయి. నేను ఎక్కడున్నా దాచిపెడతాడు.

నీ దేశదిమ్మరి తమ్ముడు,
బాలమల్లు

•

మన ఊరు, 1937 సెప్టెంబరు

ప్రియమైన తమ్మునికి,

ప్రియమైన అని రాయడం ఆచారం కాబట్టి రాశాను. చేతికి ఇంకో మాట వచ్చింది, కాగితం ఖరాబవుతుందని ఆపాను.

ఎడ్లు బాగున్నాయా అని అడిగావు. నువ్వు దొర పెట్టెలు దించి, బండిని స్టేషను ముందర వేపచెట్టుకు కట్టేసి రైలెక్కావు. నాకు కబురు తెలిసేసరికి రెండు రోజులు దాటింది. పదకొండు కోసులు నడిచిపోయాను. ఎవరో పుణ్యాత్ముడు బకెట్టు నీళ్లు పెట్టబట్టి ఒకటి బతికింది. కర్రెద్దు ఆ చెట్టు కిందే కూలబడింది, మళ్లీ లేవలేదు. కాబట్టి దాని కాలు నయమైందనే అనుకో.

చేతులు ఊపుకుంటూ తిరుగుతున్నావట. ఆ చేతుల్లో ఉండవలసిన బరువు ఎవరి నెత్తిన ఉందో తెలుసా? దొరలు తనిఖీ దౌరాకు వచ్చినా, పోచారం అడవికి వేటకు వచ్చినా బండ్లు రైతులే కట్టాలి. కూలి లేదు, ఎడ్లకు గడ్డి కూడా మనదే. వెట్టి వంతు ఇంటికి ఒకటి కాదు, పట్టాలో ఉన్న పేరుకు ఒకటి. బాపు పోయాక భూమి మన ఇద్దరి పేర్ల మీద ఎక్కించారు. అందుకని నా వంతు తోలి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే నీ వంతుకు పటేలు నౌకరు మస్కూరి వాకిట్లో నిలబడుతున్నాడు. తమ్ముడు ఊళ్లో లేడు కదా అని పటేలు దగ్గర మొత్తుకున్నాను. ఆయన చుట్ట తీయకుండానే అన్నాడు:

“మనిషి లేకుంటేంది? పేరు ఉన్నది గద. పేరుకు బండి కట్టు.”

పైసా ఖర్చు లేకుండా దేశాలు తిరిగానని గొప్ప చెప్పుకున్నావు. నేనూ తిరిగాను. మొన్న నాట్లు వేసే పది రోజుల్లో ఆరు రోజులు ఎల్లారెడ్డి, మెదకు, కామారెడ్డి అన్నీ పైసా లేకుండానే చూసివచ్చాను. నన్ను మాత్రం ఏ ముసలమ్మా కూర్చోబెట్టి రొట్టె పెట్టలేదు. ఇంటికొచ్చి చూస్తే నారు ముదిరిపోయింది.

రొట్టె నడిమి ముక్క దాచుకుని అంచు మాకు చూపించే బుద్ధి నీకు పాలతో వచ్చింది. వచ్చి నీ వంతు నువ్వు తోలు. ఇంకేమీ అడగను.

నీ బండి కూడా తోలుతున్న అన్న,
హనుమాండ్లు

•

పినాంగు, 1939 జనవరి

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం సీమోను పెట్టెలో ఏడాది పడి ఉంది. నేను మౌల్మేను దాటి, కొండల మీదుగా సయాముకు నడిచిపోయాను. తిరిగొచ్చి చదివాను. కర్రెద్దు సంగతి చదివిన పూట అన్నం సహించలేదు. ఆ పాపం నాదే, కాదనను. మళ్లీ బయలుదేరి ఇక్కడికొచ్చాక గానీ జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

కానీ నేను ఎందుకు పోయానో నువ్వు ఒక్కసారైనా అడిగావా? అడగలేదు. చెబుతాను విను. ఆ రోజు పెట్టె దించుతుంటే జారింది, లోపల అద్దం పగిలింది. దొర స్టేషనులో అందరి ముందరా చెప్పు తీసి కొట్టాడు. అలసిపోయేదాకా కొట్టాడు. తర్వాత ఆ చెప్పు నా ముందు పడేసి కాలికి తొడగమన్నాడు. తొడిగాను. నేనే, ఈ చేతులతోనే, వంగి తొడిగాను. లేచి నిలబడేసరికి ఎదురుగా రైలు ఉంది.

మూడేళ్లయింది, ఆ చెప్పు తోలు వాసన ఇంకా ముక్కులోనే ఉంది. ఈ దేశాల్లో నేను ఒళ్లు వంచి పని చేస్తున్నాను, పెట్టింది తింటున్నాను. ఎవడి కాలికీ చెప్పు తొడగడం లేదు. ఆ బండి నేను తోలను. నువ్వు మాత్రం ఎందుకు తోలాలి? తోలనని పటేలు మొహం మీద చెప్పే నోరు లేక, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు నా మీద ఎగురుతున్నావు. ముందు ఆ నోరు తెచ్చుకో. అప్పుడు నన్ను తిట్టు, పడతాను.

నేను రాను.

నీ తమ్ముడు,
బాలమల్లు

•

మన ఊరు, 1940 మార్చి

ప్రియమైన తమ్ముడు, కీర్తిశేషుడు బాలమల్లుకు,

బెదరకు. కీర్తిశేషుడని తెలిసే రాశాను.

నోరు తెచ్చుకొమ్మన్నావు. తెచ్చుకున్నాను. నీ ఉత్తరం రొండిన దోపుకుని పోయి, నా వంతు తోలుతాను గానీ తమ్ముడి వంతు తోలనని పెద్ద మొనగాడిలా చెప్పాను. చావడి ముందర ఎండలో వంగోబెట్టి వీపు మీద బండరాయి ఎత్తారు. పొద్దు తిరిగేదాకా అట్లాగే ఉన్నాను. భూదవ్వ వచ్చి పటేలు కాళ్ల మీద పడితే దించారు. ఊళ్లో నలభై ఇండ్లవాళ్లు చూశారు, ఒక్కడు ముందుకు రాలేదు. సముద్రం అవతల కూర్చుని నోరు తెచ్చుకొమ్మని రాయడం తేలికే. ఒక్కడు తోలనంటే ఏమవుతుందో నా వీపును అడుగు.

దానితో బుద్ధి వచ్చి, నీ చావు కబురు నేనే పుట్టించాను. రంగూనులో గత్తర రోగం తగిలి పోయాడని ఊరంతా చెప్పాను. భూదవ్వ గాజులు పగలగొట్టినట్టు ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. పదోనాడు వాగు ఒడ్డున పిండం పెట్టాను. కాకి ముట్టలేదు. కాకులు లేకనా? చెట్టునిండా ఉన్నాయి. పటేలూ మస్కూరీ నిలబడి చూస్తున్నారు. నాకు చెమటలు పట్టాయి. మన సాలవ్వ పెద్దమ్మ నా భుజం పట్టుకుని, “ఏం కోరిక మిగిలిందో బిడ్డకు. తీరుస్తనని కాకితోని చెప్పు కొడుకా” అంది.

ఏం చెప్పను? నీకున్న కోరిక ఒకటే, ఊళ్లు తిరగడం. అది నేను తీరుస్తానా? పొద్దు నడినెత్తికి వచ్చినా ఒక్క కాకి దిగలేదు. చివరకు పిండం వాగులో కలిపి వచ్చాం.

ఏమైతేనేం, పట్టా నా ఒక్కడి పేరుకు మారింది. వంతు ఒకటే అయింది. నాలుగేళ్ల తర్వాత ఈ ఏడు పొలం అదునులో దున్నాను. ఇప్పుడు నువ్వొచ్చావంటే అబద్ధపు చావు చెప్పినందుకు నన్ను కట్టేసి తీసుకుపోతారు, వంతు మళ్లీ రెండవుతుంది. కాబట్టి ఇక రాకు. చచ్చినవాడివి చచ్చినట్టు పడి ఉండు.

నీకు పిండం పెట్టిన అన్న,
హనుమాండ్లు

•

సికింద్రాబాదు ధర్మశాల, 1942 జూన్

ప్రియమైన అన్నకు,

నేను చచ్చిన సంగతి నాకు ఏడాదిన్నర ఆలస్యంగా తెలిసింది. పినాంగు నుంచి రంగూనుకు తిరిగొస్తే సీమోను నీ ఉత్తరం చేతికిచ్చాడు. చదివి ఒళ్లు మండిపోయింది. భూమి ఒక్కడి పేరునే చేసుకోవడానికి తోడబుట్టినవాణ్ణి చంపాడనుకున్నాను. ఊరికొచ్చి నడిబజారులో నీ గల్లా పట్టుకోవాలనుకున్నాను.

ఇంతలో రంగూను మీద బాంబులు పడ్డాయి. ఊరంతా బయటపడి నడిచింది. నేనూ సీమోనూ నడిచాం. నడక నాకు వచ్చిన విద్యే అనుకున్నాను. కొండల్లో నీళ్లు లేవు. ఒక అధికారి దగ్గర నీళ్ల పీపా ఉంది. ఆయన ట్రంకుపెట్టె మోసినవాడికి పూటకు చెంబెడు పోస్తారు. పదకొండు కోసుల బండి తోలనన్నవాణ్ణి, ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని పన్నెండు రోజులు నడిచాను. సీమోను మోయలేకపోయాడు. నా చెంబులో సగం పోసినా దక్కలేదు, దారిలోనే గత్తరతో పోయాడు. నువ్వు నాకు చెప్పిన చావు వాడు చచ్చాడు. ఊపుకుంటూ పోయే చేతులకు ఎక్కడా అన్నం పుట్టదని ఆ బాటలో తెలిసింది. అంతకుముందు తిన్నదంతా ఎవరో ఒకరి కష్టమే.

పోయిన మంగళవారం కామారెడ్డిలో దిగాను. కోపం మాత్రం దిగలేదు. స్టేషను బయటికి రాగానే నువ్వే కనిపించావు. అదే వేపచెట్టు, అదే బండి. ఎవరివో పెట్టెలు దించుతున్నావు. నీ వీపు ఒక పక్కకు వంగిపోయింది. ఆ రాయి సంగతి చదివినప్పుడు అది కోపంతో రాసిన మాటే అనుకున్నాను, నిజంగా ఇంత బరువని అనుకోలేదు.

నా గడ్డం రొమ్ముదాకా ఉంది, చలిజ్వరంతో గొంతు పోయింది. చెట్టు కింద కూలబడితే ఎవరో సన్నాసి అనుకుని, సద్ది విప్పి జొన్నరొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టావు. నీకు అన్నదమ్ములు లేరా అని అడిగాను. నా మొహంలోకి చూస్తూనే జవాబిచ్చావు.

“ఒక తమ్ముడుండె. సచ్చిండు.”

గల్లా పట్టుకుందామని వచ్చినవాణ్ణి తల వంచుకుని మళ్లీ రొట్టె కొరికాను. నేనెవరో చెబితే నీ వంగిన వీపు మీద రెండో వంతు పడుతుంది. నువ్వు పెట్టెలు లోపలికి చేరవేస్తుండగా వచ్చిన రైలెక్కాను. నువ్వు చెప్పిందే మంచిది, చచ్చే ఉంటాను. అమావాస్యదాకా ఈ ధర్మశాలలో ఉంటాను, తర్వాత ఎటో తెలియదు. కర్రెద్దును, నన్ను మన్నించు.

నీ చనిపోయిన తమ్ముడు,
బాలమల్లు

•

మన ఊరు, 1942 జూన్

ప్రియమైన గాడిదకు,

ఆరేళ్లలో రెండుసార్లు అదే స్టేషనులో, అదే చెట్టు కింద నన్ను వదిలి రైలెక్కావు. నీలాంటివాడికి ప్రియమైన అని రాయడం ఇదే ఆఖరు.

నిన్ను గుర్తుపట్టలేదనుకున్నావా? గడ్డం చూసి సన్నాసి అనే అనుకున్నాను, నిజం. రొట్టె చేతికిచ్చాను. నువ్వు అంచు చుట్టూ కొరకడం మొదలుపెట్టావు. ఈ భూమి మీద రొట్టెను అట్లా తినేవాడు ఒక్కడే ఉన్నాడు. అప్పుడే నువ్వు అన్నదమ్ములున్నారా అని అడిగావు. నా వెనుక బండి పక్కన పటేలు మస్కూరి నిలబడి పెట్టెలు చూసుకుంటున్నాడు, నీకు కనబడలేదా? సచ్చిండు అన్నది నీతో కాదు, వాడి చెవులకు. నీ కళ్లలోకి చూస్తూ అన్నది ఎందుకు? నోరు మూసుకుని అక్కడే కూర్చో, వీణ్ణి పంపించి వస్తానని. ఆమాత్రం అర్థం కానివాడివి సయాముదాకా ఎట్లా పోయొచ్చావు?

తిరిగొచ్చేసరికి నువ్వు లేవు. చెట్టు మొదట రాయి మీద రొట్టె నడిమి ముక్క ఉంది. చిన్నప్పుడు బాపు అడిగినా ఇవ్వని ముక్క. నా కోసమే పెట్టి పోయావని తెలిసి, స్టేషను ముందర నిలబడి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ ముక్క తినలేదు. కండువాలో కట్టుకొచ్చి భూదవ్వకు చూపించాను. అది చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూసింది. చివరకు, “కాకికి తెలిసినంత మనకు తెల్వకపాయె” అంది.

నీ ఉత్తరం రాకముందే, మర్నాడే పటేలు దగ్గరికి పోయాను. నా తమ్ముడు బతికి ఉన్నాడు, పట్టాలో పేరు మళ్లీ ఎక్కించండని చెప్పాను. అబద్ధమాడానన్నాను. కాకి ముట్టకపోవడం మీరూ చూశారు, దానికున్న నిజం నాకు లేకపోయిందన్నాను. మూడు రోజులు చావడిలో కూర్చోబెట్టారు. ఏం చేశారో రాయను. నాలుగో రోజు పేరు ఎక్కింది. ఎక్కించేటప్పుడు పటేలు నవ్వాడు, వంతు కూడా రెండయిందని గుర్తు చేశాడు.

వచ్చే శుక్రవారం దొరలు పోచారం వేటకు వస్తున్నారు. మనకు రెండు బండ్లు రాసిపెట్టారు. ఇంట్లో ఉన్నది ఒక్క బండి. తోలుదామా, తోలమందామా అన్నది నువ్వొచ్చాక ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం. ఒక్కణ్ణి కాదంటే రాయి ఎత్తారు. ఒకే ఇంట్లో ఇద్దరు కాదంటే ఏం చేస్తారో నాకు తెలియదు. పటేలుకూ తెలియదు, ఇంతవరకు ఎవరూ అనలేదు.

బుధవారం పొద్దున స్టేషను బయట బండిలో కూర్చుని ఉంటాను. వదిన ఎనిమిది రొట్టెలు కట్టిస్తానంది. దిగినవాడివి దిగినట్టు నేరుగా వేపచెట్టు దగ్గరికి రా. వెనక్కి తిరిగి ఆ రైలు వైపు చూశావంటే కాళ్లు విరగ్గొడతాను.

చావని తమ్ముడికి పిండం పెట్టిన అన్న,
హనుమాండ్లు