డాక్టరు బాపు పెళ్లి

కామారెడ్డి, 9 జులై 1939

ఆయన పోయారు. ఎల్లారెడ్డి క్యాంపులోనే.

11 జులై 1939

నిన్న పెన్ను పట్టుకోలేకపోయాను. కబురు తెచ్చింది భూమయ్య. ఎల్లారెడ్డి రైతు. ఆయన క్యాంపుకు పోతే దిగేది వాళ్లింట్లోనే. జ్వరం వచ్చి తగ్గలేదట. వాగులు పొంగి బస్సులు బందైనయట. రాజమణమ్మా, చూసి చూసి బొంద పెట్టినం అన్నాడు, తల వంచుకుని. అంటే నాకు ఆఖరి చూపు కూడా లేదు.

నోట్లో నీళ్లు పోసింది సాలవ్వ అట. ఎవరీ సాలవ్వ? ఎప్పుడో ఆమె బర్రె ఈనలేక చస్తుంటే ఈయన దూడను తీసి బతికించారు. అదీ చుట్టరికం. ఆమె నీళ్లు పోసింది. నేనిక్కడ, వస్తారు గదా అని పచ్చిపులుసు చేసి మూత పెట్టుకుని కూర్చున్నాను.

20 జులై 1939

దినాలకు బండ్లు కట్టుకుని వచ్చారు. వాకిట్లో నిలబడే జాగా లేదు. మార్కండేయ డాక్టరు బాపూ, మా ఎడ్లకు దిక్కెవరు అని ఒకటే ఏడుపు. నాకు దిక్కెవరని ఒక్కరన్నా ఏడవలేదు. సాలవ్వ నన్ను కౌగిలించుకుని, నీకు ఒక్క మొగడే పోయిండు బిడ్డా, మాకు ఊరికి ఊరే పోయినట్టయింది అంది.

ఒక్క మొగడేనట! ఆమె చేయి విదిలించాను. అందరూ చూశారు. చూడనీ.

3 సెప్టెంబరు 1939

మా నాయన స్టేషన్లో పార్సెల్ క్లర్కు. పసుల డాక్టరు చదువు పాసైన అల్లుడు దొరికాడని ప్లాట్‌ఫారం మీద కనిపించిన వాళ్లందరికీ మిఠాయి పంచాడు. ఆ అల్లుడేమో ఎవరిదో ఆవు కడుపుబ్బి పడిపోయిందంటే, పెళ్లి బట్టల మీదే సైకిలెక్కి పోయాడు. నాకు ఆనాడే తెలిసి ఉండాల్సింది.

ఇంటికొస్తే ఒళ్లంతా ఫినాయిలు వాసన. కొత్త చీర కట్టుకుని నాలుగుసార్లు ఎదురుగా తిరిగినా కనపడేది కాదు. ఎవరి బర్రె అయినా కుంటితే మాత్రం వీధి చివరి నుంచే కనిపెట్టేవారు. నాతో మాటలు ఊఁ, ఆఁ, అంతే. గొడ్డుతోనా? ఏమైంది బిడ్డా, నొస్తుందా, జర ఓర్చుకో, అయిపాయె, అయిపాయె అని చెవిలో చెప్పేవారు. నేను పన్ను నొప్పికి ఏడిస్తే, లవంగం పెట్టుకో అని డ్యూటీకి పోయిన మనిషి!

చూడి బర్రెల డొక్కకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. తనలో తనే నవ్వుకునేవారు. నా కడుపుకు చెవి ఆనించే పని ఆయనకు పడలేదు.

రాసేశాను. ఎవరు చదువుతారు గనక.

12 ఫిబ్రవరి 1940

బొంద మీద గద్దె కట్టారంటే ఎల్లారెడ్డి పోయి చూసొచ్చాను. సున్నం వేసిన గద్దె. మీద నిలువు రాయి, దానికి పసుపు, బొట్టు. రాయికి మీసాలు కూడా దిద్దారు. ఆయనకు మీసాలే లేవు! ఆ మాట అంటే, దేవునికి ఉండాలె గదమ్మా అన్నాడు భూమయ్య.

దేవుడయ్యాడన్నమాట. బర్రె ఈనితే జున్నుపాలు ముందు ఆయనకు పోసి గాని ఇంట్లో ముట్టరట. ఆడవాళ్లు నా చుట్టూ చేరి ఆయన సంగతులు నాకే చెప్పారు. పసులకు గాలికుంటు రోగం వచ్చినప్పుడు కొట్టంలోనే పండుకున్నడట. దున్నపోతు తన్నితే, తప్పు నాదే, నేను వెనక నుంచి వచ్చిన అన్నడట. పాలు చేపని బర్రె ముందర కూసోని పాట పాడేటోడట, ఎంత మంచి గొంతని!

పాట. నా దగ్గర ఒక్కనాడు కూనిరాగం కూడా తీయలేదు. బస్సులో దారి పొడుగునా అదే తలుచుకుని కుళ్లిపోయాను.

18 జనవరి 1941

భూమయ్య వచ్చాడు, ఒగ్గు లింగాన్ని వెంటేసుకుని. దేవుళ్ల పెళ్లిళ్లకు రంగుల ముగ్గులతో పట్నాలు వేసి కథ చెప్పేది ఈ లింగమే. బెల్లం నా ముందు పెట్టారు. ఈ ఏడు ఆ ఊళ్లో పసులకు చూడి నిలవడం లేదట. బాపు ఒంటిగ ఉన్నడు, గద్దె మీద తోడు లేదు, గందుకే కోపమొచ్చింది అన్నాడు లింగం. మాఘంలో పెళ్లి చేస్తారట. పిల్ల పాడి లచ్చుమమ్మ. పాలూ పెరుగూ ఇచ్చే తల్లి. వాగులో మంచి రాయి చూసి పెట్టారట. నీ చెవిన ఒక మాట వేసి పోదామని వచ్చినమమ్మా అన్నాడు భూమయ్య.

నవ్వాను. వాళ్లు నవ్వలేదు.

నేను బతికే ఉన్నాను గదా అన్నాను. గదేనమ్మా తిప్పలు అన్నాడు లింగం.

బెల్లంతో సహా బయటికి పంపాను.

19 జనవరి 1941

సవతి. రాతి సవతి.

24 జనవరి 1941

బతికినన్నాళ్లూ బర్రెలతో కాపురం చేశాడు. సహించాను. ఇప్పుడు ఆ బర్రెల తల్లినే కట్టుకుంటాడా? నా ప్రాణం ఉండగా?

2 ఫిబ్రవరి 1941

ఎల్లారెడ్డి పోయాను. గద్దె ముందు ఊరంతా ఉండగానే అడిగాను. పెళ్లి చేస్తే నాతోనే చేయండి, నా పేరుతో రాయి పెట్టండి అన్నాను.

లింగం రెండు చెవులూ మూసుకున్నాడు. బతికున్న మనిషికి రాయి నిలబెడితే ఆయుష్షు తీరుతదమ్మా, గా పాపం నేను చెయ్య అన్నాడు. తీరనీ అన్నాను. భూమయ్య చేతులు జోడించాడు. బొంద పెట్టిన నాడు నన్ను అడగలేదు, ఈనాడు నేను అడుగుతున్నాను అన్నాను.  

చివరికి సాలవ్వ లేచింది. ఆమె మొగడు, ఆమెకియ్యున్రి అని లింగాన్ని కసిరింది. ఆ మాట ఎవరైనా అనవచ్చు గదా, ఈమె నోటి నుంచే రావాలా?

లింగం ఒప్పుకున్నాడు. కానీ రాయి నిలబడినంక అది ముత్తయిదువ. నేను ముండమోసిన దాన్ని. ముట్టుకోవద్దు, ముందుకు రావద్దు అన్నాడు. గెలిచిన సంబరంలో అన్నిటికీ సరే అన్నాను.

20 ఫిబ్రవరి 1941

పెళ్లయింది.

రాయికి ఎర్ర చీర కట్టారు. చేతులు లేవు గనక గాజులు దారానికి గుచ్చి మెడలో వేశారు. నిండుగా పసుపు, రూపాయంత బొట్టు. రాజమణమ్మా అని లింగం పిలిస్తే, దూరంగా కట్టేసిన బండి ఎడ్ల వెనక నుంచి ఆఁ అని పలికాను. నన్ను కాదట.

ఆమెను ఆయనకు ఆనించి నిలబెట్టారు. నాలుగు గంటల బస్సుకు నేను వచ్చేశాను. ఆమె ఉండిపోయింది.