భర్త పేరు అన్న గడి

సుగుణా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున సమాధి దగ్గర కాసేపు కూర్చుని, అట్నుంచే రైతు సేవా కేంద్రానికి పోయినాను. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం జాబితా గోడకు అంటించినారు. మీ నాయన నీకిచ్చిన పొలం కాబట్టి అందులో ఇంకా నీ పేరే ఉంది.

పక్క మడి మస్తాన్ నన్ను చూసి, "ఏమన్నా, వదిన సంపాదన ఇంకెన్నాళ్లు తింటావు?" అన్నాడు. నువ్వుంటే వాడికి సరైన జవాబు చెప్పేదానివి. నేను నవ్వి లోపలికి పోయినాను.

లోపల వ్యవసాయ సహాయకురాలు అడిగింది: "పొలం మీ పేరుకు మారింది కదా మామయ్యా, అత్తమ్మ మరణ ధ్రువపత్రం ఇక్కడ ఇంకా ఇయ్యలేదేం? ఇయ్యకపోతే ఈసారి సాయం ఆగిపోతుంది."

ఆ కాగితం మూడు నెలలుగా నా సంచిలోనే ఉంది. నారు పోసే రోజులు వచ్చేసినాయి, ఇంక దాచి లాభం లేదు. తీసి ఇచ్చినాను.

"మీ నాయన పేరు చెప్పండి" అనింది.

ఎందుకని అడిగినాను. ప్రతి పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో ఉండాలంట. నీ పేరు పక్కన ఇన్నేళ్లూ నేనున్నాను. ఇకమీదట నా పేరు పక్కన మా నాయన ఉంటాడు.

చెప్పినాను. రాసుకుంది.

బయటికొచ్చి చూస్తే, గోడ మీది పాత జాబితాలో మనిద్దరం ఇంకా ఒకే వరుసలో ఉన్నాం. కొత్తది వారంలో అంటిస్తారంట. అందాకా రోజూ అటే పోతాను.