సిగ్నల్ లేని లోయ

కొండ కింది లాడ్జి,
అక్టోబరు 17, శనివారం.

చిరంజీవి పెద్దబ్బాయికి,

అమ్మ దీవించి రాస్తున్నది. నువ్వక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ నేనూ కులాసాయే, ఎడమ మోచేయి ఒక్కటి తప్ప. దానికి కట్టు కట్టారు. రాసే చెయ్యి బాగానే ఉంది కనక నీకు ఈ చదివే తిప్పలు.

ఫోన్ చెయ్యక ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు. కాగితం మీద ఆ బెడద లేదు. కూర్చుని, ఆసాంతం చదువు.

నువ్వు చెప్పిన పని మీదే బయలుదేరాను. కోడలు కొన్నాళ్ళు విడిగా హాస్టల్లో ఉంటానంటోందనీ, నా మాటైతే వింటుందనీ, ఇద్దరికీ సైకిళ్ళ పిచ్చి ఉంది కాబట్టి ఎటైనా తీసుకెళ్ళి మెల్లగా ఆ ఆలోచన మాన్పించమనీ అడిగావు. వేరే ఊళ్ళో ఉండేదాన్ని, మీ నాలుగు గోడల మధ్య సంగతి నాకేం తెలుసు? కొత్త కాపురంలో అలకలు మామూలే అనుకున్నాను. ఉద్యోగమంతా ఆడపిల్లల చేత డ్రిల్లు చేయించినదాన్ని, ఒక్క కోడలికి నచ్చజెప్పలేనా అని ధీమా కూడా.

దారి నేనే ఎంచాను. సొరంగం తవ్వాక లారీలూ బస్సులూ అందులోంచే పోతున్నాయి. పాత కనుమ దారి మాలాంటి వాళ్ళకి మిగిలింది. ఏటి పక్కనే ఒంపులు తిరుగుతూ ఒక లోయలోంచి ఇంకో లోయలోకి తీసుకెళుతుంది. రోజంతా తొక్కినా ఎదురొచ్చేది ఓ పాలవాను, ఓ గొర్రెల మంద. మన టైర్ల చప్పుడు మనకే వినిపిస్తుంది. ఎత్తు మొదలయ్యాక గేరు తగ్గించి, తల వంచుకుని, వచ్చే మలుపు దాకా చాలు అనుకుంటూ తొక్కాలి. నేను ముందు, ఆమె వెనక. నా వయసు చూసి నెమ్మదిగా వస్తోందేమో, ఎంత మర్యాదో అని మురిసిపోయాను. మీ వెనకైతే ఎదురుగాలి తగలదత్తయ్యా అని తనే చెప్పి పకపకా నవ్వింది.

అవునురా, నవ్వింది. మీ ఇంట్లో గరిటె కూడా చప్పుడవకుండా పెట్టే పిల్ల, ఆ రెండు రోజులూ పాటలు పాడింది. నా చక్రం పంక్చరైతే ట్యూబు విప్పి, ఏటి నీళ్ళలో ముంచి, బుడగలు చూసి, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆ వేళ్ళతోనే అతుకు వేసింది. మధ్యాహ్నం గడ్డిలో బోర్లా పడుకుని ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఆ లోయలో ఫోన్లకు సిగ్నల్ లేదు. ఆమె నవ్వుకీ దానికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు.

రెండో రోజు సాయంత్రం, బస చేసిన ఇంటి మెట్ల మీద కూర్చుని నీ సంగతి కదిపాను. నీ కోపం పాలపొంగులాంటిదనీ, విడిగా ఉంటే జనం నోటికొచ్చినట్టు మాట్లాడతారనీ చెప్పాను. ఆమె బూట్ల తాళ్ళు విప్పుతూ అంతా విన్నది. రేపు కనుమ దాటాక మాట్లాడుకుందాం అత్తయ్యా అని మాత్రం అంది. దారికొచ్చిందనుకున్నాను.

మర్నాడు కనుమ ఎక్కి సైకిళ్ళు దిగామో లేదో, ఆమె సైక్లింగ్ చొక్కా వెనక జేబులో ఫోను ప్రాణం పోసుకుంది. మెసేజి వెనక మెసేజి. ఎండకి కందిపోయి ఉన్న ముఖం చూస్తుండగానే పాలిపోయింది. ఎవరంటే ఆయనే అంది. పాపం, కబురు లేక కంగారు పడుతున్నాడేమో, మాట్లాడమ్మా అన్నాను.

ఆమె వైపు మాటలే నాకు వినిపించాయి. సిగ్నల్ లేదండీ. అత్తయ్యతోనే. లేదండీ, ఇంకెవరూ లేరు. సరే, పంపిస్తాను. ఫోన్ పెట్టేసి నన్ను నిలబెట్టి ఒక ఫొటో తీసింది. తర్వాత మేం వచ్చిన రోడ్డును తీసింది, వెళ్ళబోయే రోడ్డును తీసింది. ఖాళీ రోడ్డుకి ఫొటో ఏమిటే అని వేళాకోళం చేశాను. ఖాళీగా ఉందని చూపించాలి అంది.

దిగడం మొదలుపెట్టాం. ఈసారి ఆమె ముందు. రాత్రి వాన పడి రోడ్డంతా తడిగా ఉంది. ఒక పక్క కొండ, రెండో పక్క లోయ. పిట్టగోడ అక్కడక్కడా విరిగి ఉంది. రెండు బ్రేకులూ పట్టి వదిలి, పట్టి వదిలి దిగాల్సిన దారి అది. గట్టి మలుపు మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. ఆమె కుడి చెయ్యి హ్యాండిల్ వదిలేసి వెనక జేబులోకి వెళ్ళిపోయింది. వద్దని అరిచాను. ముందు చక్రం కంకర మీద జారింది. అప్పుడే కింది నుంచి పాలవాను మలుపు తిరిగింది.

అది కీచుమని ఆగే లోపల ఆమె సైకిల్‌తో సహా జారుకుంటూ గోడ లేని చోటికి పోయింది. ముందు చక్రం లోయలో వేలాడుతోంది. ఫ్రేములో కాలు ఇరుక్కుంది. బరువుకి సైకిల్ మెల్లగా ఆమెను లాగుతోంది. నా సైకిల్ ఎక్కడ పడేశానో, మోచేయి ఎప్పుడు కొట్టుకుందో తెలియదు. రోడ్డు మీద బోర్లా పడి ఆమె చొక్కా గుప్పిట్లో పట్టుకున్నాను. బట్ట చిరుగుతున్న చప్పుడు వినిపించింది. వాను డ్రైవరు పరుగెత్తుకొచ్చి ఆమె నడుం పట్టి లాగకపోతే, నీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఇంత దిగుడులో ఫోన్ చూసుకుంటారా అని అతను చీవాట్లు పెట్టాడు. ఆమె అతని వంక చూసి, "చూడలేదండీ, మోగింది" అంది. ఆ ఒక్క మాటలో అంతా చెప్పేసినట్టు.

రోడ్డు మీద పడున్న ఫోన్ మళ్ళీ మోగింది. మోకాలి నుంచి రక్తం కారుతుండగా పాక్కుంటూ వెళ్ళి ఎత్తింది. "సారీ అండీ, లేటయింది" అంది.

నేను దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

"మూడు రింగులు దాటాయి. పక్కన ఎవడున్నాడే? ఇంటికి రా, చెప్తా నీ సంగతి."

కన్నదాన్ని, ఆ గొంతు నాకు కొత్త. లైన్ కట్ చేసింది ఆమె అనుకుని ఉంటావు. చేసింది నేను. ఫోన్ ఆఫ్ చేసిందీ నేనే.

డ్రైవరు మమ్మల్నీ సైకిళ్ళనీ పాలక్యాన్ల మధ్య ఎక్కించి, వాను వెనక్కి తిప్పి కిందికి తెచ్చాడు. కట్లు కట్టించుకున్నాక ఒక్కొక్క ముక్కే బయటికొచ్చింది. దుకాణం నుంచి ఇంటికి వెనక రోడ్డున చెట్ల నీడలో హాయిగా రావచ్చట. కానీ అది కాస్త చుట్టు. సైకిల్ మీటరు నువ్వు రోజూ చూస్తావు కనక, లారీల మధ్య పెద్ద రోడ్డునే వస్తుందట. నాకు ముందే చెప్పలేదేమని అడిగాను. మీ అబ్బాయి కదత్తయ్యా అంది. చెయ్యి కూడా చేసుకుంటాడా అని అడిగాను. కిటికీ వైపు తిరిగింది. ఆ జవాబు నాకు నీ నోటి నుంచి రావాలి.

ఇప్పుడామె పక్క గదిలో పడుకుని ఉంది. మోకాలు వాచింది, అడుగు తీసి అడుగు వెయ్యలేదు. వారం దాకా ఇక్కడే ఉంటాం. ఈలోగా ఫోన్ చెయ్యకు. మాట్లాడాలంటే ఇక్కడికే రా. వేళకి తిను.

ఇట్లు,
మీ అమ్మ.

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నీకు అబద్ధం చెప్పి రప్పించుకోవడం నాకు మనసొప్పలేదు. కోడలు పక్క గదిలో లేదు. పడ్డ మర్నాడే, కుంటుతూనే, బస్సెక్కింది. సైకిల్ బస్సు పైన కట్టించాను. క్షేమంగా చేరానని కబురు వచ్చేదాకా ఆగి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. నువ్వు కాళ్ళ మీద పడ్డా చెప్పను. ఆమెను నీ దగ్గరికి మళ్ళించాలని వచ్చి, నేనే సాగనంపాను. గది మాత్రం ఉంచాను, నీకోసం. నువ్వు వచ్చేదాకా నేను కదలను.